సామాజిక సిద్ధాంతము, అనువర్తిత సమాజశాస్త్రము: గ్రామ సంఘ అధ్యయనములపై ఒక విమర్శనాత్మక పరిశీలన

మన వేదాంత కళాశాలలలో బి.డి. చదివిన ప్రతివారికి ఒక అనుభవము ఉండి ఉంటుంది. తరగతి గదిలో వెబర్, డర్క్‌హైమ్, మార్క్స్ పేర్లు వ్రాసుకుంటాము. మతమునకు, పెట్టుబడిదారీ విధానమునకు గల సంబంధమును గూర్చి పరీక్షలో నాలుగు పుటలు నింపుతాము. శనివారము సాయంత్రము పరిచర్యకు పంపబడిన గ్రామమునకు వెళ్లి, మరునాడు ప్రార్థన నడిపి, సండేస్కూలు పిల్లలకు కథ చెప్పి, చివరి బస్సుకు హాస్టలు చేరుకుంటాము. ఈ రెండు పనులూ చేసేది ఒకే మనిషి. కాని ఒక పని మరొక పనితో మాట్లాడదు. పట్టా పుచ్చుకొని మొదటి పాస్టరేటుకు వెళ్లిన తరువాత సమాజశాస్త్రపు నోట్సు అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. నా పెట్టెను మా ఆవిడ మూడుసార్లు బదిలీలలో మోసి, నాలుగవసారి చెదలు పట్టిందని పారవేసింది.

ఈ దూరమును గూర్చిన ఫిర్యాదులు చాలా విన్నాము. చదివినవారు గ్రామమునకు రారని కాపరులు అంటారు. గ్రామములో పనిచేయువారు చదవరని అధ్యాపకులు అంటారు. రెండు ఫిర్యాదులలోనూ నిజమున్నది. అయితే రెండింటిలోనూ ఒకే పొరపాటు కూడా ఉన్నదని నా అభిప్రాయము. సిద్ధాంతమును పైనుండి క్రిందికి దింపితే వంతెన కట్టినట్లేనని ఇరువురూ అనుకుంటున్నారు. క్రిందినుండి పైకి ఏమి వెళ్లాలి, గ్రామము ఇచ్చిన జవాబు సిద్ధాంతమును ఎక్కడ సరిదిద్దాలి అనే ప్రశ్న ఇరువురూ అడుగుట లేదు. మన గ్రామ సంఘములను గూర్చి వెలువడిన, లేక వాటిపై ప్రభావము చూపిన కొన్ని అధ్యయనములను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. నా స్వంత పరిచర్యలో నేను చేసిన రెండు తప్పులను కూడా ఇక్కడ దాచదలచుకోలేదు. విమర్శ ఇతరుల పుస్తకములతోనే ఆగిపోతే అది న్యాయము కాదు.

ముందుగా పదములను గూర్చి రెండు మాటలు. సమాజము ఎందుకు ఇట్లున్నది అనే ప్రశ్నకు ఇచ్చే క్రమబద్ధమైన వివరణ సామాజిక సిద్ధాంతము. ఆ వివరణను ఒక నిర్దిష్టమైన సమస్య విషయములో పనికి పెట్టుట అనువర్తిత సమాజశాస్త్రము. అమెరికాలో లెస్టర్ వార్డ్ అనే సమాజశాస్త్రజ్ఞుడు 1903లో శుద్ధ సమాజశాస్త్రముపై ఒక గ్రంథమును, 1906లో అనువర్తిత సమాజశాస్త్రముపై మరొక గ్రంథమును ప్రచురించాడు. ఒకే రచయిత, రెండు సంపుటములు. ఆనాడే ఈ ఇద్దరికీ వేరు కాపురము పెట్టించారని నేను విద్యార్థులతో సరదాగా అంటుంటాను. తరువాత రాబర్ట్ మెర్టన్ సమాజమంతటినీ ఒక్క దెబ్బకు వివరించబోయే మహా సిద్ధాంతములకు, చిన్న చిన్న పరిశీలనలకు నడుమ 'మధ్యస్థాయి సిద్ధాంతములు' కావాలని వాదించాడు. సి. రైట్ మిల్స్ 1959లో రెండు జబ్బులను ఎత్తి చూపాడు. ఒకటి, నేలను తాకని మహా సిద్ధాంతము. రెండవది, ఎందుకు లెక్కిస్తున్నామో తెలియని లెక్కింపు. మన సంఘములలో మొదటి జబ్బు ప్రసంగ వేదికపైన, రెండవ జబ్బు సంవత్సరాంతమున కార్యాలయమునకు పంపే ఫారములలోను కనిపిస్తుంది.

ఈ రెంటినీ కలిపే ప్రయత్నము మన ప్రాంతములో చాలా ముందుగానే జరిగిందని విద్యార్థులలో చాలామందికి తెలియదు. 1951–52 ప్రాంతములో ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు హైదరాబాదుకు సమీపములోని శామీర్‌పేట గ్రామములో ఒక సామాజిక సేవా విస్తరణ పథకమును నడిపారు. వైద్యము, వ్యవసాయము, పశువైద్యము, విద్య మొదలైన శాఖలవారు సేవ చేస్తుండగా, సమాజశాస్త్ర బృందము అదే గ్రామమును అధ్యయనము చేసింది. దాని ఫలితమే 1955లో వచ్చిన ఎస్.సి. దూబే గారి 'ఇండియన్ విలేజ్'. అదే దూబే గారు 1958లో సామాజికాభివృద్ధి పథకములపై మరొక పుస్తకము వ్రాస్తూ, ఆ పథకముల ఫలము ఎక్కువగా గ్రామములో ముందే పలుకుబడి గలవారికే చేరిందని చూపించారు. నా దృష్టిలో రెండవ పుస్తకమే విలువైనది. 'గ్రామము' అనే ఒకే మాటను నమ్మి డబ్బు పంపితే ఆ డబ్బు ఎవరి ఇంటి ముందు ఆగుతుందో అది చూపింది. గ్రామములు ఒక్కొక్కటి ఒక సముదాయమే అనే భావన ఒక సిద్ధాంతము. దానిని తప్పని చెప్పినది అనువర్తనము.

ఇప్పుడు నా మొదటి తప్పు. అది తెలంగాణలోని ఒక పాస్టరేటు. పోచమ్మ పండుగకు మాదిగవాడలోని మన విశ్వాసి ఒకడు డప్పు కొట్టాడని సంఘ కమిటీకి ఫిర్యాదు వచ్చింది. విగ్రహారాధనలో పాలుపొందినందున ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరముగా ఉంచాలని కమిటీ తీర్మానించింది. నేను సంతకము పెట్టాను. వాక్యానుసారమైన క్రమశిక్షణ అని నాకు ఎటువంటి సందేహము కలుగలేదు. తీర్మానము చదివి వినిపించినప్పుడు ఆ మనిషి వాదించలేదు. ఒకే మాట అడిగాడు: "డప్పు నేను కొట్టకుంటె కల్లం కాడ గింజలు ఎవలిస్తరయ్యగారూ? కమిటీ ఇస్తదా?"

అతని ప్రశ్నకు జవాబు నా అట్టపెట్టెలోనే ఉన్నది. విలియం వైజర్ అనే ప్రెస్బిటేరియన్ మిషనరీ తన భార్య షార్లెట్‌తో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని ఒక గ్రామములో నివసించి, ఏ కులము ఏ కులమునకు ఏ పని చేస్తుంది, దానికి బదులుగా ఏమి పొందుతుంది అని వివరముగా వ్రాసుకొని, 1936లో 'ది హిందూ జజ్మానీ సిస్టమ్' అనే గ్రంథమును ప్రచురించాడు. భారత గ్రామమును గూర్చి సమాజశాస్త్రము నేటికీ వాడే ఒక సిద్ధాంతము ఒక మిషనరీ కలము నుండి వచ్చిందన్నది మనము గుర్తుంచుకోదగిన సంగతి. మన ప్రాంతములో 'జజ్మానీ' అనే మాట లేదు గాని, ఆయగాండ్రు, మేరలు అనే మాటలు మన పెద్దలందరికీ తెలుసు. కల్లములో ధాన్యము కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, మాదిగకు తీసిపెట్టే వాటాయే మేర. డప్పు, చెప్పు, చచ్చిన పశువును ఎత్తివేయుట ఆ మేరకు చేయవలసిన చాకిరి.

ఈ సిద్ధాంతము నాకు ఆనాడు జ్ఞాపకము వచ్చి ఉంటే, కమిటీ ముందున్నది విగ్రహారాధన ప్రశ్న మాత్రమే కాదని, అది కూలి ప్రశ్న కూడా అని గ్రహించి ఉండేవాడిని. డప్పు కొట్టిన చేయి పోచమ్మను నమ్మిందా లేదా అని విచారించాము గాని, ఆ చేయి ఎవరి పొలము మీద ఆధారపడి బ్రదుకుతున్నదో విచారించలేదు. కమిటీలో కూర్చున్నవారిలో ఒక్కరికీ అటువంటి చాకిరి లేదన్న సంగతి కూడా నాకు చాలా కాలము తరువాతనే తట్టింది.

అయితే కథ అక్కడితో ముగియదు. సిద్ధాంతము గ్రామమును వెలిగించినట్లే, గ్రామము కూడా సిద్ధాంతమును నిలదీస్తుంది. వైజర్ జజ్మానీ విధానమును ప్రధానముగా పరస్పర సేవల వ్యవస్థగా చూశాడు. ఒకరి అవసరము మరొకరు తీర్చుకునే ఏర్పాటుగా అది అతనికి కనిపించింది. 1959లో థామస్ బైడెల్మన్ ఈ భావనను విమర్శిస్తూ, భూమి ఎవరి చేతిలో ఉన్నదో వారికే ఈ వ్యవస్థలో అధికారమని, ఇది దోపిడీ అని వాదించాడు. మా విశ్వాసి బైడెల్మన్ పేరు వినలేదు. కాని 'కొట్టకుంటె ఎవలిస్తరు' అన్న ఆ ఒక్క వాక్యములో పరస్పర సేవ లేదు, బెదిరింపు ఉన్నది. సేవ మానుకునే స్వేచ్ఛ ఒకరికే ఉన్నప్పుడు దానిని ఇచ్చిపుచ్చుకొనుట అనవచ్చునా? ఈ ప్రశ్న పల్లెలో పుట్టి పుస్తకములోనికి వెళ్లవలసిన ప్రశ్న. ఆ కుటుంబమునకు మరొక జీవనాధారము చూపించే పని సంఘము చేసి ఉంటే క్రమశిక్షణ అనే మాటకు అర్థముండేది. మేము చేయలేదు. ఆరు నెలలు గడిచిన తరువాత అతడు తిరిగి బల్లకు వచ్చాడు. డప్పు కూడా కొడుతూనే ఉన్నాడు. ఈసారి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. దానిని చెప్పాలంటే ముందు పికెట్ గారి గ్రంథమును గూర్చి చెప్పాలి. భారతదేశములో సంఘములపై జరిగిన సమాజశాస్త్ర సర్వేలలో 1933లో వెలువడిన జె. వాస్కమ్ పికెట్ గారి 'క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా' ఒక మైలురాయి. జాతీయ క్రైస్తవ మండలి కోరగా చేసిన ఈ అధ్యయనమునకు 'సిఫారసులతో కూడిన అధ్యయనము' అనే ఉపశీర్షిక ఉన్నది. అనగా అది పుట్టుకతోనే అనువర్తితము. కూటములుగా క్రీస్తునొద్దకు వచ్చినవారు బియ్యపు క్రైస్తవులే అనే నింద ఆ రోజులలో బలముగా ఉండేది. పికెట్ ఆ నిందను వేదికపై ఖండించుటకు బదులు, మనుష్యులను అడిగి చూశాడు. ఎందుకు క్రైస్తవులైనారన్న దానికి వచ్చిన జవాబులను ఆత్మీయము, లౌకికము, సామాజికము, పుట్టుకతో వచ్చినది అని నాలుగు విధములుగా విభజించాడు. ఆత్మీయ కారణము చెప్పినవారికి, సామాజిక కారణము చెప్పినవారికి మధ్య తరువాతి క్రైస్తవ జీవితములో మనము ఊహించినంత తేడా లేదని తేలింది. బాప్తిస్మము తరువాత వారికి అందిన బోధ, కాపుదలయే ఎక్కువ తేడా తెచ్చింది.

తెలుగు సంఘములో ఇది మనకు కొత్త సంగతి కాదు. 1866లో తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మము పొందుటతో ఒంగోలు ప్రాంతములో ఉద్యమము మొదలయింది. కరవు కాలములో జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగము గుత్తకు తీసుకొని, కూలి ఇప్పించాడు గాని బాప్తిస్మములు ఆపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. క్లౌ దొర దగ్గర సమాజశాస్త్రము లేదు. ఆశించి వచ్చినవారెవరో తేల్చుటకు, ఆశ చూపేది లేని సమయము వరకు ఆగాడు. ఆయన ఇంగితముతో గ్రహించినదానిని పికెట్ పద్ధతిగా పరీక్షించాడని చెప్పవచ్చు.

పికెట్ అధ్యయనము ఇచ్చినది ఒక వర్ణన: మనుష్యులు గుంపులుగా, బంధుత్వముల వెంబడి వచ్చారు. మధ్య భారతదేశములో పనిచేసిన డోనాల్డ్ మెక్‌గావ్రన్ పికెట్ వద్ద నేర్చుకొని, 1955లో 'ది బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్', 1970లో 'అండర్‌స్టాండింగ్ చర్చ్ గ్రోత్' వ్రాశాడు. జాతి, భాష, తరగతి హద్దులు దాటనవసరము లేకుండా క్రైస్తవులగుట మనుష్యులకు ఇష్టమని ఆయన వాదన. దీనికి సజాతీయ సముదాయ సూత్రమని పేరు వచ్చింది. పరిశీలనగా ఇది చాలా వరకు నిజమే. మన ఊళ్లలో ఏ సంఘమును చూచినా తెలుస్తుంది. కాని వారి చేతులలో, మరి ముఖ్యముగా వారి వెనుక వచ్చినవారి చేతులలో, 'మనుష్యులు ఇట్లు వచ్చారు' అన్న వాక్యము 'మనము ఇట్లు రప్పించాలి' అన్న వాక్యమైపోయింది. సిద్ధాంతమునకు అనువర్తనమునకు మధ్య అగాధమున్నదని మనము బాధపడుతుంటాము. ఇక్కడ అగాధమే లేదు. ఒక్క అంగలో దాటివేశారు, అదే ప్రమాదము. ఉన్నదానికి, ఉండవలసినదానికి మధ్య ఆగి అడుగవలసిన ప్రశ్న ఎవరూ అడుగలేదు.

నేనూ అడుగలేదు. నా మొదటి పాస్టరేటులో సంఘము మాలపల్లెలో ఉండేది. మాదిగవాడ నుండి కొన్ని కుటుంబములు కొత్తగా రాసాగినవి. కూర్చునే చాపల దగ్గర మొదలైన గొణుగుడు, పాత్ర ఎవరు ముందు త్రాగాలి అనేదాకా వచ్చింది. నా బల్ల మీద మెక్‌గావ్రన్ పుస్తకమున్నది. సమస్యకు శాస్త్రీయమైన పరిష్కారము దొరికిందని సంతోషించి, మాదిగవాడలో వేరుగా గృహప్రార్థన పెట్టించాను. రెండు సంవత్సరములలో అది ప్రత్యేక ఆరాధన, తరువాత ప్రత్యేక మందిరము అయినది. సభ్యుల సంఖ్య రెండింతలు దాటింది. నా వార్షిక నివేదికను పైవారు మెచ్చుకున్నారు. ఆ తరువాత ఆ రెండు మందిరములు ఒక్క ప్రభువు బల్లయొద్ద కూడుకొనుట నేను చూడలేదు. మాదిగవాడలో మొదటి విశ్వాసి చనిపోయినప్పుడు మాలపల్లె సంఘము నుండి సమాధి దగ్గరకు నలుగురు కూడా రాలేదు. 'వారి సంఘము వారికి ఉన్నది కదా' అన్నారు. ఆ మాట నేను నేర్పినదే.

అక్కడ ఒక ముసలమ్మ ఉండేది. నేను ప్రశ్నావళి పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన రోజులలో ఓపికగా అన్నింటికీ జవాబు చెప్పింది: ఎంతమంది పిల్లలు, ఎప్పుడు బాప్తిస్మము, నెలకు ఎన్నిసార్లు మందిరము. బదిలీ అయి వెళ్తున్నప్పుడు నన్ను ఆపి అన్నది: "అయ్యగారూ, అప్పుడు మీరు అడిగినయన్ని మీకు పనికొచ్చే మాటలే. మాకు పనికొచ్చేది ఒక్కటన్న అడిగిండ్రా?"

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమును ఈ వెలుగులో చదువవలసినదని సోదర కాపరులను కోరుతున్నాను. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు అనుదిన ఉపచారములో అన్యాయము జరుగుతున్నదని సణుగు పుట్టింది. భాష వేరు, అలవాట్లు వేరు. సజాతీయ సముదాయ సూత్రము ప్రకారమైతే రెండు సంఘములు పెట్టుటకు ఇంతకంటె మంచి సందర్భము లేదు. అపొస్తలులు ఆ పని చేయలేదు. సణుగును ఆత్మీయ బలహీనత అని కొట్టివేయనూ లేదు. వడ్డన ఎక్కడ తప్పిపోతున్నదో ఒప్పుకొని, పంచే అధికారమును ఏడుగురికి అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకోరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడును గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షమునకు దగ్గరివారి చేతికే గరిటె వెళ్లినట్లు కనబడుతున్నది. ఆ సణుగు తెచ్చిన వాస్తవము సంఘ నిర్మాణమును మార్చింది. అంతియొకయలో పేతురు అన్యజనుల పంక్తి నుండి లేచిపోయినప్పుడు పౌలు అతనిని ఎదిరించినది కూడా (గలతీ 2) ఇటువంటి విషయముననే. యూదులకు యూదులతో భోజనము చేయుట సులభమన్న వాస్తవమును పౌలు కాదనలేదు. దానిని నియమముగా చేయుటను కాదన్నాడు.

ఈ పరిశీలనలో నాకు అన్నింటికంటె ఆశ కలిగించిన పుస్తకము మన పొరుగుననే పుట్టింది. మెదక్ డయోసీసులోని వడియారం పాస్టరేటు పరిధిలో 1959 ప్రాంతములో చేసిన పరిశీలన ఆధారముగా పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ గార్లు 1968లో 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' ప్రచురించారు. గ్రామ క్రైస్తవులు క్రిస్మసుతో పాటు ఊరి పండుగలలో కూడా ఏదో విధముగా పాల్గొంటున్నారన్న సంగతిని గద్దించకుండా, దాచకుండా, అర్థము చేసుకొనుటకు ప్రయత్నించారు. డెబ్బది ఏండ్లకు ముందు సంఘ నివేదికలలో ఇటువంటి నిదానము అరుదు.

అయినను రెండు విమర్శలు చేయవలసియున్నది. మొదటిది, గ్రంథము పేరులోనే రెండు గదులు ఉన్నవి: ఒకవైపు గ్రామ క్రైస్తవులు, మరొకవైపు హిందూ సంస్కృతి. నా డప్పు కథ ఏ గదిలో పడుతుంది? అది హిందూ సంస్కృతిలో పాలుపొందుటయా, లేక భూస్వామ్యపు చాకిరియా? 'సంస్కృతి' అనే మాట వాడగానే భూమి, కూలి, మేర వెనుకకు వెళ్లిపోతాయి. మతమును సంస్కృతిగా చూచే సిద్ధాంతము ఆ కాలపు పండితులకు సహజమైనది. దాని తప్పు వ్యక్తులది కాదు, చట్రముది. రెండవది, పుస్తకము ఇంగ్లీషులో, లండనులో అచ్చయింది. జవాబులు చెప్పిన వాడలకు దాని పుటలు ఏ రూపమున చేరాలన్న ప్రశ్న ఆ నాటి పద్ధతిలోనే లేదు. ఈ రెండవ విమర్శ నాకూ వర్తిస్తుంది. నా నివేదిక తెలుగులోనే ఉన్నది, అయినా దానిని ఆ ముసలమ్మకు చదివి వినిపించలేదు.

కాని ఆ అధ్యయనము అక్కడ ఆగలేదు. కార్మన్ గారు అర్ధశతాబ్దము తరువాత తిరిగి వచ్చారు. చిలుకూరి వసంతరావు గారితో కలిసి అదే ప్రాంతమును మరల పరిశీలించి, 2014లో 'క్రిస్టియన్స్ ఇన్ సౌత్ ఇండియన్ విలేజెస్, 1959–2009' అనే గ్రంథమును వెలువరించారు. తెలంగాణలో క్షీణత, ఉజ్జీవము అని దాని ఉపశీర్షిక. ఒక పండితుడు తాను యౌవనములో వ్రాసిన దానిని వృద్ధాప్యములో, ఈ నేలకు చెందిన పండితుని తోడుగా, తిరిగి నేల మీద పెట్టి చూచుట సామాన్యమైన పని కాదు. ఉపశీర్షికలో 'క్షీణత' అనే మాట ఉంచుటకు కూడా ధైర్యము కావాలి. మన నివేదికలలో ఆ మాట నేను ఎన్నడూ చూడలేదు. సిద్ధాంతమునకు, అనువర్తనమునకు మధ్య వంతెన అంటే నాకు ఈ తిరుగు ప్రయాణమే. యాభై ఏండ్లు ఆగనక్కరలేదు, ఐదు చాలు.

లెక్కల విషయము కూడా కొంచెము చెప్పాలి. ఎందుకనగా అనువర్తిత సమాజశాస్త్రమంటే మనవారికి లెక్కలే. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.55 శాతము. 2011లో 1.34 శాతము. అదే పదేండ్లలో రోడ్డు వెంబడి కొత్త మందిరములు ఎన్ని లేచినవో బస్సులో వెళ్లే ఎవరికైనా కనిపించింది. ఈ సంఖ్యను చూచి కొందరు సంఘము పడిపోయిందన్నారు, మరికొందరు ప్రభుత్వము అబద్ధమాడిందన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులముల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు. క్రైస్తవులైన దళితులు మన దగ్గర బి.సి.–సి జాబితాలో ఒక శాతము రిజర్వేషనుతో ఉన్నారు. కాబట్టి జనగణన అధికారి గుమ్మము ముందు నిలిచి మతము అడిగినప్పుడు, ఆ తల్లి జవాబులో కొడుకు సర్టిఫికెట్టు కూడా మాట్లాడుతుంది. ఆ అంకె విశ్వాసమును మాత్రమే కొలుస్తున్నదని అనుకొనే పరిశోధకుడు, వేదిక మీద నుండి ఆమెను వేషధారి అని గద్దించే కాపరి, ఇద్దరూ ఒకే విధముగా గుడ్డివారు. 2027 జనగణనలో కులమును కూడా లెక్కించనున్నట్లు కేంద్ర ప్రభుత్వము 2025లో ప్రకటించింది. ఆ గుమ్మము ముందు మన విశ్వాసులు ఏమి చెప్పాలని అడిగితే మన దగ్గర ఏ జవాబు ఉన్నది? దీనిపై ఈ పత్రికలో ఎవరైనా వ్రాయవలసియున్నది.

సిద్ధాంతము చదువుట వ్యర్థమని ఇదంతా చదివి ఏ విద్యార్థీ అనుకోకూడదు. అంబేడ్కర్ గారు 1916లో కొలంబియా విశ్వవిద్యాలయములో కులముల పుట్టుకపై చదివిన వ్యాసము శుద్ధ సిద్ధాంతమే. సొంత గుంపులోనే వివాహము చేసుకొనుట కులమునకు మూలమని అందులో వాదించారు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీరు త్రాగుటకు వేలమందితో నడిచినవారు కూడా ఆయనే. 1936 నాటి కులనిర్మూలన ప్రసంగములో ఈ రెండూ కలుస్తాయి. కులము శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అన్న ఆయన వాదన దగ్గరకు వస్తే, నా డప్పు కథకు వైజర్ కంటె, బైడెల్మన్ కంటె మెరుగైన వివరణ దొరుకుతుంది. మాలపల్లె, మాదిగవాడ ఒకే పాత్రలో త్రాగలేకపోవుటకు కూడా. ఇద్దరి మీద చాకిరి పెట్టినవాడు మూడవవాడు. ఆ ఇద్దరినీ వేరు మందిరములలో కూర్చోబెట్టినవాడిని నేను.

ప్రస్తుతము నా దగ్గరకు క్షేత్ర పరిచర్యకు వచ్చే విద్యార్థులకు ఒక నియమము పెట్టాను. కళాశాలలో తయారుచేసిన ప్రశ్నావళిని మొదటి వారము సంచిలోనే ఉంచాలి. రెండు వాడల నుండి నలుగురు నలుగురిని, అందులో సగము స్త్రీలను, కూర్చోబెట్టి, మా సంఘమును గూర్చి మీరు ఏమి తెలుసుకోదలచారు అని ముందు వారినే అడగాలి. వారి ప్రశ్నలు మొదటి పుట, మన ప్రశ్నలు రెండవ పుట. నివేదికను పంపేముందు తెలుగులో ఆ ఎనిమిదిమందికి చదివి వినిపించి, తప్పన్నదానిని వారి ముందే కొట్టివేయాలి. ఇద్దరు విద్యార్థులకు ఇది నచ్చలేదు. మార్కులు ఎట్లు వేస్తారు అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే, దానికి కళాశాల వారు జవాబు చెప్పాలి.

పోయిన సంవత్సరము మొదటి పుటలో వచ్చిన మొదటి ప్రశ్న ఇది: సమాధుల తోటకు దారి ఎవరి పొలములో నుండి పోతున్నది, వానాకాలములో శవమును ఎవరు మోయనిస్తారు? ఏ సమాజశాస్త్ర గ్రంథములోనూ ఈ ప్రశ్నకు గడి లేదు. విద్యార్థులు పట్వారీ నక్షా సంపాదించి, దారి వెంట నడిచి కొలిచారు. దారి రెండు పొలముల గుండా పోతున్నది. ఒకటి ఊరి మోతుబరిది, రెండవది మా సంఘ కమిటీ కోశాధికారిది. సంగతి వచ్చే నెల కమిటీ ఎజెండాలో ఉన్నది.